గ్రౌండ్ ముచ్చట: అమెరికా జూనియర్ కాలేజీలో బాస్కెట్‌బాల్ సీటు ఎలా వస్తుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. మోకాలి నొప్పుల సంగతి, కబడ్డీ మ్యాట్ సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ. మా బిడ్డ నల్లగొండలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఎనిమిదో తరగతి నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతోంది, జిల్లా టీంలో రాష్ట్ర పోటీలకు కూడా పోయింది. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు, "ఇక్కడి జూనియర్ కాలేజీలు ప్లేయర్లకు ఫీజు మొత్తం ఇస్తాయి, పంపించక్కా, మా ఇంట్లో ఉండి చదువుకుంటుంది" అంటున్నాడు. మా ఆయనేమో ఇంటర్ అయినాక మళ్లీ జూనియర్ కాలేజీ ఏంది అంటున్నారు. ఇందులో నిజమెంత? మేం ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన అనుమానం తీర్చేస్తాను. అక్కడ జూనియర్ కాలేజీ ఇంటర్ తర్వాతి చదువు. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. క్రెడిట్లన్నీ (పాసైన కోర్సుల లెక్క) ఒప్పుకునే యూనివర్సిటీ దొరికితే నేరుగా మూడో ఏడాదిలో చేరిపోవచ్చు. ఆట కూడా అంతే. రెండు సీజన్లు అక్కడ ఆడి, ఆ ఆట చూపించి నాలుగేళ్ల యూనివర్సిటీ టీంలోకి వెళ్తారు. జిమ్మీ బట్లర్ ఇలా వచ్చినవాడే. టెక్సస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో ఒక ఏడాది ఆడాడు, తర్వాత మార్కెట్ (Marquette) యూనివర్సిటీ, 2011లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ. ఆడపిల్లల్లో షెరిల్ స్వూప్స్ టెక్సస్‌లోనే సౌత్ ప్లెయిన్స్ అనే రెండేళ్ల కాలేజీలో ఆడి, టెక్సస్ టెక్‌కు వెళ్లి 1993లో జాతీయ చాంపియన్ అయింది. ఫైనల్లో ఒక్కతే 47 పాయింట్లు కొట్టింది. ఇంట్లో వాదన జరిగితే ఈ రెండు పేర్లు చెప్పండి.

ఇక మీ తమ్ముడి మాట సగం నిజం. ఈ కాలేజీల ఆటలు ఎక్కువగా ఎన్‌జేసీఏఏ అనే సంఘం కింద జరుగుతాయి. 1938 నుంచి ఉంది. అందులో మూడు డివిజన్లు. మొదటి డివిజన్ కాలేజీ ట్యూషన్, ఫీజులు, పుస్తకాలతో పాటు హాస్టల్, తిండి ఖర్చు కూడా ఇవ్వొచ్చు. రెండో డివిజన్‌లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాలు మాత్రమే, హాస్టల్, తిండి మనవే. మూడో డివిజన్‌లో ఆట పేరు మీద పైసా ఇవ్వరు. "ఇవ్వొచ్చు" అంటే అందరికీ పూర్తిగా ఇస్తారని కాదు. కోచ్ ఒకరికి మొత్తం ఇచ్చి ఇంకొకరికి ఫీజు మాత్రమే ఇవ్వొచ్చు.

డల్లాస్ ఊళ్లోని డల్లాస్ కాలేజీ క్యాంపస్‌లు ఆడేది ఆ మూడో డివిజన్‌లోనే. అంటే మామయ్య ఇంట్లో ఉండి చదువుకుంటే ఆట స్కాలర్‌షిప్ ఉండదు. స్కాలర్‌షిప్ కావాలంటే టైలర్, ఒడెస్సా, లెవెల్‌ల్యాండ్ లాంటి ఊళ్లలో హాస్టల్లో ఉండాలి. టైలర్ అయితే డల్లాస్ నుంచి కారులో రెండు గంటల లోపే. లెవెల్‌ల్యాండ్‌కు ఐదారు గంటలు పడుతుంది. మామయ్య పండక్కి వచ్చి చూసిపోతాడు, అంతే. కాలిఫోర్నియా రెండేళ్ల కాలేజీలు ఈ సంఘంలో లేవు, వాటికి వేరే సంఘం ఉంది, అక్కడా ఆట స్కాలర్‌షిప్పులు లేవు. బంధువులు ఎక్కడున్నారని కాకుండా కాలేజీ ఏ డివిజన్ అని మొదట చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు అడగలేదు, కానీ నాకు ఇదే ముఖ్యం. మీ అమ్మాయి ఏ పొజిషన్ ఆడుతుందో ఉత్తరంలో రాయలేదు. నేను చెప్పగలను: సెంటర్. మన దగ్గర 5.9 ఉన్న పిల్లను ఇంకెక్కడా నిలబెట్టరు. ఇంటర్ కాలేజీల మ్యాచ్‌లు చూడండి. పొడుగు పిల్ల రింగు కింద వీపు తిప్పి నిలబడి చేతులెత్తి ఉంటుంది. రీబౌండ్ పట్టగానే పీడీ (కాలేజీ ఆటల మాస్టారు) గట్టిగా అరుస్తాడు, "ఇచ్చెయ్! ఇచ్చెయ్!" అని. బాల్‌ను పక్కనున్న చిన్న పిల్లకు అందించి తను పరిగెత్తుకుంటూ అవతలి రింగు కిందికి పోతుంది. నాలుగేళ్లు ఆడినా ఆ పిల్ల డ్రిబుల్ చేస్తూ సగం కోర్టు దాటి ఉండదు. మ్యాచ్ గెలుస్తాం, కప్పు ప్రిన్సిపాల్ గదిలో పెడతాం, పిల్ల ఆట అక్కడే ఆగిపోతుంది. మా పీడీల మీద నాకున్న కోపం ఇది.

అక్కడ మొదటి డివిజన్‌లో సెంటర్లు సాధారణంగా 6 అడుగులు, ఆ పైన ఉంటారు. 5.9 అంటే గార్డ్ (బాల్ తెచ్చి ఆట నడిపించేది) లేదా వింగ్ (కోర్టు పక్కల నుంచి ఆడేది). ఆ ఎత్తున్న పిల్ల రెండు చేతులతో డ్రిబుల్ చేయాలి, బయటి నుంచి షూట్ చేయాలి, తనకంటే వేగంగా ఉన్న పిల్లను కాళ్లు కదిపి ఆపాలి. కాబట్టి ఇప్పటి నుంచే పొజిషన్ మార్చాలి. కాలేజీ మ్యాచ్‌లో పీడీ ఒప్పుకోకపోతే పొద్దున ప్రాక్టీస్‌లోనైనా బాల్ తనే తెచ్చుకోవాలి, ముఖ్యంగా ఎడమ చేత్తో.

షూటింగ్‌కు ఒక జాగ్రత్త. మన పాత సిమెంటు కోర్టుల మీద త్రీ పాయింట్ గీత 6.25 మీటర్ల దగ్గర ఉంటుంది. 2010లో అంతర్జాతీయంగా దాన్ని 6.75కు జరిపారు, చాలా చోట్ల మళ్లీ పెయింట్ వేయలేదు. రింగు ముందరి బాక్స్ కింది వైపు వెడల్పుగా పరుచుకుని ఉంటే అది పాత కోర్టే అనుకోండి. టేపు తీసుకుని రింగు మధ్య బిందువుకు సరిగ్గా కింద నుంచి 6.75 కొలిచి సుద్దతో గీయమనండి. ఆ అరమీటరుకే చాలామంది చేయి చాలదు. అమ్మాయిలకు 6 నంబర్ బాల్ వాడాలి. కాలేజీ స్టోర్ రూంలో ఎప్పుడూ అబ్బాయిల 7 నంబరే ఉంటుంది, అది వేరే సంగతి.

ఎవరిని అడగాలి అన్నారు. నేరుగా కోచ్‌నే. ప్రతి కాలేజీకి ఆటల వెబ్‌సైట్ ఉంటుంది, అందులో కోచ్ ఈమెయిల్ ఉంటుంది. రాసే ముందు అక్కడే రోస్టర్ అనే పేజీ తెరవండి. టీంలో ప్రతి ప్లేయర్ ఎత్తు, పొజిషన్, ఊరు, ఏ సంవత్సరం చదువుతోందో ఉంటాయి. రెండో ఏడాది పిల్లలు వచ్చే వేసవికి వెళ్లిపోతారు. వాళ్లలో గార్డులు ఎంతమందో లెక్కపెడితే ఆ కాలేజీలో మీ అమ్మాయికి చోటుందో లేదో సగం తెలిసిపోతుంది. ఊరి పేర్ల దగ్గర స్పెయిన్, సెర్బియా, నైజీరియా లాంటివి కనిపిస్తే ఆ కోచ్‌కు విదేశీ పిల్లలను తెచ్చుకునే అలవాటు ఉందని, వీసా కాగితాలు చూసే మనిషి ఆఫీసులో ఉన్నాడని అర్థం. అందరూ ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే అయితే మీ మెయిల్‌కు జవాబు వస్తుందని ఆశపడొద్దు.

మెయిల్ మీ అమ్మాయే రాయాలి, మీరు గానీ మామయ్య గానీ రాయొద్దు. పది లైన్లు చాలు. పేరు, ఊరు, ఇంటర్ ఎప్పుడు అవుతుంది, బూట్లు లేకుండా ఎత్తు, పొజిషన్, టెన్త్ మార్కులు, వీడియో లింకు, ఇక్కడి కోచ్ ఫోన్ నంబర్. పైన ఆ కోచ్ పేరు, ఆ కాలేజీ పేరు ఉండాలి. ఒకే మెయిల్ వందమందికి పంపితే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఎత్తు ఒక్క అంగుళం కూడా పెంచి రాయొద్దు. దిగిన రోజే కొలుస్తారు.

ఎప్పుడు రాయాలి? సెకండియర్ మొదట్లో, అంటే ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య. నవంబర్ నుంచి మార్చి దాకా వాళ్ల సీజన్, కోచ్‌లు బస్సుల్లో తిరుగుతుంటారు. సీజన్ అయ్యాక ఏప్రిల్‌లో ఎవరు ఉంటున్నారు, ఎవరు పోతున్నారు తేలుతుంది. అప్పుడు ఇంకోసారి రాయాలి. జూనియర్ కాలేజీల్లో ఏప్రిల్, మే నెలల్లో కూడా సీట్లు నిండుతాయి. అక్కడి పిల్లలకు అది ఆలస్యం కాదు. మనకు వీసా ఉంది కాబట్టి మే అంటే టెన్షన్. క్లాసులు ఆగస్టులో మొదలవుతాయి మరి.

కాగితాల్లో అందరూ మరిచిపోయేది 9వ తరగతి మార్కులు. జూనియర్ కాలేజీకి ఇంటర్ పాసైన మెమో, చాలా చోట్ల టోఫెల్ లేదా డ్యుయోలింగో లాంటి ఇంగ్లిష్ పరీక్ష ఉంటే సరిపోతుంది. కానీ రెండేళ్ల తర్వాత పెద్ద యూనివర్సిటీకి వెళ్లాలంటే అక్కడ ఎన్‌సీఏఏ అనే ఇంకో సంఘం ఉంది. అది 9 నుంచి 12 దాకా నాలుగేళ్ల మార్కులు చూస్తుంది. మొదటి డివిజన్‌కు 16 ముఖ్యమైన కోర్సులు, వాటిలో 4 పాయింట్లకు 2.3 సగటు అడుగుతుంది. అందులో రెండేళ్ల సోషల్ ఉండాలి. ఎంపీసీలో సోషల్ ఎక్కడిది? 9, 10 తరగతుల సోషలే మీకు దిక్కు. మన ఇళ్లలో టెన్త్ మెమో లామినేషన్ చేయించి బీరువాలో పెడతారు, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రేపే పాత స్కూలుకు వెళ్లి హెడ్మాస్టర్ సంతకం, స్టాంపుతో మార్కుల లిస్టు తీసుకోండి. స్కూలు మూతపడకముందే.

కోచ్ ఒప్పుకుంటే లెటర్ ఆఫ్ ఇంటెంట్ పంపిస్తారు. అది ఒక విద్యా సంవత్సరానికి ఒక కాలేజీకి కట్టుబడే కాగితం. స్కాలర్‌షిప్‌లో ఏమేమి ఉన్నాయో రాతలో ఉండాలి. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, సెలవుల్లో హాస్టల్ మూసేస్తే పిల్ల ఎక్కడుంటుంది, విమానం టికెట్ ఎవరిది, గాయమైతే రెండో ఏడాది సంగతేంటి: ఈ నాలుగూ మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. అడిగితే కోచ్ ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. అమెరికా తల్లిదండ్రులు ఇంతకంటే ఎక్కువ అడుగుతారు.

తర్వాత కాలేజీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) పంపుతుంది. అందులో ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత, కాలేజీ ఎంత ఇస్తోంది, మీరు ఎంత చూపించాలి అన్నీ అచ్చేసి ఉంటాయి. సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టేది) 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. కట్టే రోజున మళ్లీ సరిచూసుకోండి, ఇవి మారుతుంటాయి. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న, "రెండేళ్ల కాలేజీకి ఇంత దూరం ఎందుకు?" బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. అమ్మాయికి కాలేజీ పేరు, కోచ్ పేరు, తీసుకునే సబ్జెక్టు, రెండేళ్ల తర్వాత ఏం చేయాలనుకుంటోందో నోటికి రావాలి. కోచ్ పిలిచాడు కదా అని వీసా ఇవ్వరు. స్కాలర్‌షిప్ చేతిలో ఉండి వీసా దగ్గర ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. అందుకే ఇక్కడ డిగ్రీకో ఇంజినీరింగ్‌కో దరఖాస్తు చేసి ఉంచండి.

ఇంకొక్కటి. మిగిలిన ఖర్చు అక్కడే సంపాదించుకుంటుందిలే అని మామయ్య అంటే ఒప్పుకోవద్దు. ఎఫ్-1 అనే ఈ స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల లోపే పని. గ్యాస్ స్టేషన్‌లో పని అంటే వీసాకే ముప్పు. ఆటాడే పిల్లకు ఆ 20 గంటలు కూడా దొరకవు.

ప్రశ్న: సార్, మాది దేవరకొండ. మా వాడు ఇంటర్ సెకండియర్. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు వాడి ఆట వీడియో చూసి "అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ గ్యారంటీ" అన్నారు. 3 లక్షలు అడుగుతున్నారు, సగం ముందు. రెండు ఎకరాల మీద అప్పు తీసుకుందామని ఉంది. మీ సలహా?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: అన్నా, పట్టాదారు పాస్‌బుక్ బీరువాలోనే ఉంచండి.

తెలిసినవాళ్ల ద్వారా పిల్లలు అక్కడి టీంలకు వెళ్లడం ఉంది, దాన్ని నేను తప్పనను. కానీ గ్యారంటీ ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. టీంలో చోటు ఇచ్చేది కోచ్, ఐ-20 ఇచ్చేది కాలేజీ, వీసా ఇచ్చేది కాన్సులేట్. ఈ ముగ్గురిలో ఒక్కరి సంతకం కూడా ఆ ఆఫీసులో దొరకదు. వాళ్లను ఒకే ఒక్క కోరిక కోరండి: డబ్బు కట్టకముందు కోచ్ వీడియో కాల్‌లో మా వాడితో మాట్లాడాలి, కాలేజీ సొంత ఈమెయిల్ నుంచి ఒక్క లైను రావాలి. నిజంగా కావాలనుకున్న కోచ్ ఫ్రీగానే పది నిమిషాలు మాట్లాడతాడు. "ముందు అడ్వాన్స్ కట్టండి, తర్వాత మాట్లాడిస్తాం" అంటే లేచి వచ్చేయండి. పైన మిర్యాలగూడ అమ్మకు చెప్పిన పనులే ఆ కన్సల్టెన్సీ వాళ్లూ చేసేది. మీ వాడికి ఫోను, నెట్టు ఉన్నాయి కదా.

ప్రశ్న: హాయ్ సర్, జడ్చర్ల నుంచి. హైట్ 5.8, పాయింట్ గార్డ్. నా రీల్స్‌కు మంచి వ్యూస్ వస్తాయి. జూకో (జూనియర్ కాలేజీ) కోచ్‌లు ఇన్‌స్టాలో చూసి పిలుస్తారా?
– ఎస్., జడ్చర్ల

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన రీల్ చూశాను. ఖాళీ కోర్టులో ఒక్కడివే, స్లో మోషన్, వెనక పాట. నిన్ను ఆపడానికి ఎదురుగా ఒక్కడూ లేడు. కోచ్‌కు కావాల్సింది ఆ ఎదురుగా ఉన్నవాడే.

5.8 అంటే అబ్బాయిల్లో చాలా కష్టం, అబద్ధం చెప్పను. అసాధ్యమైతే కాదు. డల్లాస్ కుర్రాడు స్పడ్ వెబ్ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. మిడ్‌ల్యాండ్ అనే జూనియర్ కాలేజీకి వెళ్లి 1982లో జాతీయ టైటిల్ గెలిచాడు, 1986లో ఎన్‌బీఏ డంక్ పోటీనే గెలిచాడు. అయితే అతను ఎగిరే ఎత్తు వేరే. నువ్వు ఎగరలేకపోతే ఫుల్ కోర్టు ప్రెస్‌లో (అవతలివాళ్లు కోర్టంతా వెంటపడి అడ్డుకునేటప్పుడు) బాల్ పోగొట్టుకోకుండా తేగలనని చూపించాలి. గట్టి టీం మీద ఆడిన ఒక పూర్తి మ్యాచ్ వీడియో పెట్టు, తప్పులు కూడా ఉండనీ. ఓడిపోయిన మ్యాచ్ అయినా ఫరవాలేదు.

ప్రశ్న: సర్, నేను వనపర్తిలో డిగ్రీ ఫైనలియర్. యూనివర్సిటీ టీంలో ఆడాను. ఇప్పుడు జూనియర్ కాలేజీలో చేరి ఆడొచ్చా?
– కె., వనపర్తి

జవాబు: చేరడం వేరు, ఆడటం వేరు. మన ఇంటర్ అమెరికా వాళ్ల లెక్కలో స్కూలు చదువే. డిగ్రీలో ఫుల్‌టైం చేరిన రోజు నుంచి మాత్రం ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఐదేళ్ల గడియారం నడుస్తుంది, మన దేశంలో చేరినా సరే. నీకు అందులో మూడేళ్లు అయిపోయాయి. జూనియర్ కాలేజీలో ఉండేవే రెండు సీజన్లు, ఇక్కడ కాలేజీకి ఆడినవి అందులో లెక్కకు రావొచ్చు. ఈ నిబంధనల మీద అమెరికా కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి కాబట్టి ఏ కోచ్‌కు రాసినా మొదటి లైన్‌లోనే ఎప్పుడు చేరావు, ఎన్ని సీజన్లు ఆడావు అన్నది దాచకుండా రాయి. నన్నడిగితే నీకు బీపీఈడీ (వ్యాయామ టీచర్ల కోర్సు), లేకపోతే స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల నోటిఫికేషన్లు దగ్గరి దారి. సికింద్రాబాద్‌లో రైల్వే టీం ప్రాక్టీస్ ఒకసారి చూసి రా.

ప్రశ్న: నేను అచ్చంపేట దగ్గర పీఈటీని. మా అమ్మాయిల మ్యాచ్ వీడియో తీసి పంపాలనుకుంటున్నాం. కెమెరా లేదు, ఫోనే. ఎలా తీయాలి?
– ఒక టీచర్

జవాబు: ఫోన్ చాలు మేడం. అడ్డంగా పట్టుకోవాలి, నిలువుగా వద్దు. సెంటర్ లైన్‌కు ఎదురుగా ఎత్తయిన చోటు చూడండి. గ్యాలరీ లేకపోతే క్లాస్‌రూం మెట్లో, పక్క బిల్డింగ్ మొదటి అంతస్తో. కోర్టు పక్కన నేల మీద నిలబడితే అంపైర్ వీపే కనిపిస్తుంది. జూమ్ చేస్తూ బాల్ వెంట పరుగెత్తొద్దు. పదిమందీ ఎప్పుడూ ఫ్రేములో ఉండాలి, ఎందుకంటే బాల్ లేనప్పుడు పిల్ల ఏం చేస్తోందో కోచ్‌లు చూస్తారు. సాయంత్రం మ్యాచ్ అయితే ఎండకు ఎదురుగా కాకుండా ఎండను వీపున పెట్టుకుని తీయండి.

తర్వాత అందులోంచి మూడు నాలుగు నిమిషాల ముక్క వేరుగా చేయండి, మంచివి మొదటే పెట్టండి. మొదట్లో జెర్సీ రంగు, నంబర్ రాయండి. పూర్తి మ్యాచ్‌ను కోతలు లేకుండా ఇంకో లింకుగా పెట్టండి. మొదటి ముక్క నచ్చినవాళ్లు రెండోది అడుగుతారు. కామెంటరీ చెప్పేవాళ్లను, ఈలలు వేసే సీనియర్లను ఫోన్‌కు దూరంగా కూర్చోబెట్టండి. మ్యాచ్‌కు ముందు రోజే ఫోన్‌లో పెళ్లి వీడియోలు తీసేసి జాగా ఖాళీ చేసుకోండి, లేదంటే మూడో క్వార్టర్‌లో మెమరీ నిండి రికార్డింగ్ ఆగిపోతుంది. పవర్‌బ్యాంక్ కూడా పెట్టుకోండి.